సవారీ గుఱ్ఱమునకు నడుమునొప్పి, కటిబాధ: మరల పనికి తెచ్చు విధానము

సవారీ గుఱ్ఱము కలిగిన రైతులకు తఱచుగా ఎదురగు చిక్కు ఒకటి కలదు. నిన్నటివరకు చక్కగా నడచిన గుఱ్ఱము నేడు జీను చూడగనే చెవులు వెనుకకు వాల్చును. తంగు బిగింపబోయిన కఱవ వచ్చును. దౌడు తీయుమన్న వెనుక కాళ్లు రెండును జోడించి కుందేలువలె గెంతును. లాడములు వేయువాడు ఒక వెనుక కాలెత్తినచో, రెండవ కాలిపై నిలువజాలక గుంజుకొనును. ఇట్టి గుఱ్ఱమును మొండిదని తలచి చండ్రకోల నుపయోగించువారును, సోమరియని తలచి వచ్చిన వెలకు సంతలో అమ్మివేయువారును కలరు. కాని ఇట్టి గుఱ్ఱములలో పెక్కింటికి ఉన్నది దుర్గుణము కాదు, నొప్పి. నొప్పిని దుర్గుణమని యెంచిన రైతు మంచి జంతువును చేజేతుల పోగొట్టుకొనును. బాధతో నున్న గుఱ్ఱము ఒకనాడు తన్నుటయో, సవారిని పడద్రోయుటయో చేసిన, ఆ నష్టము మనిషికిని తప్పదు.

ఇందు ముఖ్యముగా గ్రహింపవలసినవి రెండు సంగతులు. నొప్పికి కారణమైనదానిని తొలగింపక ఎంత విశ్రాంతి నిచ్చినను నొప్పి తిరిగి వచ్చును. కారణము తొలగిన పిదపకూడ, నడుమునకు క్రమముగా బలము కలిగింపక మీదికెక్కిన పక్షమున గుఱ్ఱము మరల చెడును.

ఈ సీమయు, గుఱ్ఱమును

టెక్కలి, పలాస ప్రాంతములు 1936 ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము గంజాము జిల్లాలో నుండి, ఆ దినమున విశాఖపట్టణము జిల్లాలో చేరి, 1950 ఆగష్టు 15న శ్రీకాకుళము జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినవి. బాటలు తక్కువగా నున్న ఆ కాలమున ఉద్యోగస్థులును, కలిగిన రైతులును గుఱ్ఱములపై గ్రామములు తిరుగుట పరిపాటి. నేడు రోడ్లు, మోటారులు వచ్చుటచే ఉద్దానపు తీరమున సవారీ గుఱ్ఱము అరుదైనది. అయినను దక్షిణమున పాడేరు ఏజెన్సీలోని కొండ గ్రామములలో, బండి పోజాలని చోట్ల, మనుషులను బరువులను మోయుటకు చిన్న జాతి గుఱ్ఱములు ఇప్పటికిని ఉపయోగపడుచున్నవి. పెండ్లి ఊరేగింపుల కొఱకును, ఇష్టము కొలదియు గుఱ్ఱమును పోషించువారును కలరు. సంఖ్య తగ్గిన కొలది గుఱ్ఱపు సంగతులు తెలిసినవారును తగ్గిపోయినందున, ఉన్న గుఱ్ఱమును కాపాడుకొను పద్ధతి యజమానియే తెలిసికొనుట అవసరము.

శరీర నిర్మాణము

గుఱ్ఱపు వెన్నెముకలో మూపునుండి కడపటి ప్రక్కటెముక వరకు 18 పూసలు, నడుమునందు సామాన్యముగా 6 పూసలు కలవు. వానికి వెనుక 5 పూసలు ఒకటిగా అతుకుకొని త్రికాస్థి యనబడును. ఈ త్రికాస్థి కటి యెముకలతో ఇరుప్రక్కల బలమైన నరములవంటి కట్లతో బంధింపబడియున్నది. ఈ కట్లను స్నాయువులందురు. వెనుక కాళ్లు నేలను తన్నగా పుట్టు బలమంతయు ఈ సంధి ద్వారానే వెన్నునకు చేరి గుఱ్ఱమును ముందునకు నడుపును. బండికి ఇరుసు ఎట్టిదో గుఱ్ఱమునకు ఈ సంధి యట్టిది. ఇందు కదలిక మిక్కిలి స్వల్పము, భారము మిక్కిలి అధికము. బురదలో జారినను, కాలువ దాటుచు పడినను, ఒక ప్రక్కకు మెలితిరిగినను ఈ స్నాయువులు బెణుకును. స్నాయువు కండవలె త్వరగా మానదు. కొన్నింటికి ఆఱు మాసములు మొదలు సంవత్సరము వరకు పట్టును.

వెన్నుపూసలను ఆనుకొని లోపల చిన్న కండరములు కలవు. ఇవి పూసలను పట్టి నిలుపును. నొప్పి కలిగినప్పుడు ఇవి పనిచేయుట మాని కృశించును. నొప్పి తగ్గినను ఇవి తమంతట మరల బలియవు. కేవల విశ్రాంతిచే గుఱ్ఱము బాగుపడకుండుటకు కారణమిదియే.

గుర్తింపదగిన లక్షణములు

గుఱ్ఱమును చదునైన గట్టి నేలపై నాలుగు కాళ్లును సమముగా నుండునట్లు నిలిపి, వెనుక కొంత దూరమునుండి చూడవలెను. పిఱుదులలో ఒక ప్రక్క కండ తగ్గినదా, కటి శిఖరములలో ఒకటి ఎత్తుగా నున్నదా గమనింపవలెను. ఎత్తుపల్లములు కలవన్నంత మాత్రమున నొప్పి యున్నదని నిశ్చయింపరాదు. ఇతర లక్షణములును తోడైనప్పుడే అది లెక్కకు వచ్చును. తరువాత అరచేతితో మూపునుండి తోక మొదలు వరకు మెల్లగా ఒత్తుచు రావలెను. ఆరోగ్యము గల గుఱ్ఱము కొంచెము కదలి ఊరకుండును. బాధ గలది వెన్ను బిగబట్టును, క్రిందికి వంగును, లేదా తోక విసరును. ఆ పిదప దానిని చేతితో పట్టి తిన్నగా నడిపించి, రెండు వైపులకును త్రిప్పి, నాలుగడుగులు వెనుకకు నడిపింపవలెను. వెనుకకు నడువ నిరాకరించుట, ఒక వైపు తిరుగుటకు కష్టపడుట, వెనుక డెక్కల కొనలు నేలను రాచుట ముఖ్యమైన గుర్తులు.

పొరపడరాని వ్యాధులు

మూడు వ్యాధులు నడుమునొప్పివలె కనబడును. వీనికి అభ్యాసము పనికిరాదు. వైద్యునికి వెంటనే చూపవలెను.

మొదటిది కుమ్రీ. నడుము అను అర్థముగల కమర్ అను మాటనుండి ఈ పేరు వచ్చినది. పశువుల కడుపులో నివసించు దారమువంటి పురుగుల పిల్లలను దోమలు గుఱ్ఱమునకు చేర్చును. అవి వెన్నుపాములో ప్రవేశించి వెనుక భాగమును బలహీనపఱచును. పశువులకు ఇవి సామాన్యముగా హాని చేయవు. కుమ్రీ సోకిన గుఱ్ఱము నడుము ఊగుచు తూలును, కాలు ఎక్కడ పెట్టుచున్నదో దానికే తెలియదు. ఒత్తిన నొప్పి చూపకుండుటయు కలదు. పశువుల సాలయు, నీరు నిలుచు వరిమళ్లును, దోమలును ఒకచోట నుండు ఈ తీరమున ఈ సంగతి మరువరాదు. గుఱ్ఱపుసాలను పశువుల సాలకు దూరముగా నుంచి, సాయంకాలము దోమతెర కట్టుట మేలు.

రెండవది కండరములు బిగియు జబ్బు. ఒకటి రెండు దినములు పని లేక పూర్తి దాణా తిన్న గుఱ్ఱమును పిదప పనికి తీసికొనిపోగా, కొంత దూరములోనే చెమటలు పట్టి, పిఱుదులు కొయ్యవలె బిగిసి నిలిచిపోవును. మూత్రము కాఫీ రంగున నుండవచ్చును. అట్టిదానిని ఒక్క అడుగైనను నడిపింపరాదు. నిలిచిన చోటనే యుంచి, నీరు త్రాగించి, వైద్యుని పిలువవలెను.

మూడవది సర్రా. జోరీగల కాటుచే వ్యాపించును. విడిచి విడిచి జ్వరము, రక్తము తగ్గుట, కాళ్లకు కడుపునకు వాపు, వెనుక భాగమున బలహీనత దీని లక్షణములు. రక్తపరీక్షచే నిర్ణయము కావలెను.

కారణములను వెదకుట

నడుమున నొప్పి యున్నంత మాత్రమున వ్యాధి అక్కడనే పుట్టినదని తలంపరాదు. వెనుక మోకాలియందో, మడమకీలునందో బాధ యున్న గుఱ్ఱము ఆ కాలిని తప్పించి నడచుటచే నడుము చెడును. కావున మొదట కాళ్లను, డెక్కలను పరీక్షింపవలెను. డెక్కలు ఆఱు మొదలు ఎనిమిది వారములకొకసారి చెక్కింపవలెను. ముందు కొన పొడవై మడమ అణగిపోయిన డెక్క, నడచునప్పుడెల్ల కాలిని నడుమును శ్రమపెట్టును.

రెండవ కారణము జీను. సవారి చేసిన పిదప జీను తీసి చూచిన, చెమట తడి ఇరుప్రక్కల సమముగా నుండవలెను. నడుమ అక్కడక్కడ పొడిమచ్చలున్న, ఆ చోట్ల జీను మిక్కిలి నొక్కుచున్నదని తెలియును. జీను క్రింద తెల్ల వెండ్రుకలు మొలచుట పాత ఒత్తిడికి గుర్తు. జీను వెన్నెముకపై ఆనరాదు. వెనుకనుండి చూచిన రెండు మెత్తల నడుమ వెలుతురు కనబడవలెను. కడపటి ప్రక్కటెముకకు వెనుక జీను బరువు పడరాదు, ఏలయన అక్కడ నడుమునకు క్రింద ప్రక్కటెముకల ఆధారము లేదు.

మూడవది బరువు. ఇది మన దేశపు చిన్న గుఱ్ఱముల విషయమున అన్నిటికంటె ముఖ్యము. సవారియు జీనును కలిసి గుఱ్ఱపు బరువులో ఐదవవంతు మించరాదని చాలకాలముగా ఒక నియమము కలదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు ఎనిమిది గుఱ్ఱములపై చేసిన పరిశీలన 2008లో వెలువడినది. బరువు నూటికి 25, 30 వంతులైనప్పుడు కండరముల నొప్పియు బిగువును హెచ్చినట్లు అందు తేలినది.

గుఱ్ఱపు బరువు తెలిసికొనుటకు కాటా అక్కఱలేదు. మూపు వెనుకనుండి మోచేతుల వెనుకగా ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటరులలో కొలిచి, దానిని దానిచేతనే గుణించి, వచ్చినదానిని భుజపు కొననుండి పిఱుదు కొన వరకు గల పొడవుచే గుణించి, 11,880చే భాగింపవలెను. వచ్చినది ఇంచుమించుగా కిలోగ్రాముల బరువు. ఉదాహరణమునకు చుట్టుకొలత 140, పొడవు 135 అయిన గుఱ్ఱము బరువు సుమారు 223 కిలోలు. దానిలో ఐదవవంతు సుమారు 45 కిలోలు. జీను 8 కిలోలైన, సవారి 37 కిలోలకు మించరాదు. అరువది కిలోల మనిషి 8 కిలోల జీనుతో ఎక్కిన, ఆ గుఱ్ఱము తన బరువులో నూటికి 30 వంతులు మోయుచున్నది. అట్టి గుఱ్ఱమునకు మందులచేతను అభ్యాసముచేతను పూర్తి గుణము కలుగునని ఆశింపరాదు. తేలికైనవారు ఎక్కుటయో, దానిని చేతితో నడిపించి తేలిక బరువులు మాత్రము మోయించుటయో తగిన మార్గము.

నాలుగవది నేల. ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలలోని లోతైన పొడి ఇసుకలో అడుగడుగునకు డెక్క దిగబడి, వెనుక కాళ్లు వెనుకకు జారును. బలమైన గుఱ్ఱమునకు అది వ్యాయామము కావచ్చును గాని, కటి బెణికినదానికి హాని.

మొదటి చికిత్స

పశువైద్యుడు చూచి కారణము నిర్ణయించువరకు సవారి పూర్తిగా మానవలెను. దగ్గఱలోని పశువైద్యశాలకు పోజాలనివారు 1962 అను సంఖ్యకు టెలిఫోను చేసి సంచార పశువైద్య వాహనమును కోరవచ్చును. సాలలో నేల చదునుగా నుంచి, జారకుండునట్లు మందముగా గడ్డి పఱపవలెను. ఇరుకైన సాలలో దినమంతయు కట్టివేయుట మంచిది కాదు. చిన్న ఆవరణములో మెల్లగా తిరుగనిచ్చుట మేలు. కాని ఇతర గుఱ్ఱములతో పరుగెత్తనీయరాదు.

నొప్పి తగ్గించు మందులు వైద్యుడు వ్రాసిన మోతాదుననే వాడవలెను. ఎక్కువైన కడుపులో పుండ్లు పడును, మూత్రపిండములు చెడును. పశువులకు డైక్లోఫెనాక్ మందు 2006లోను, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులు 2023లోను ఈ దేశమున నిషేధింపబడినవి. ఆ మందులు తిన్న పశువు చచ్చిన, దాని మాంసము తిన్న రాబందులు నశించుటయే అందులకు కారణము. మందు తిని నొప్పి తెలియకున్న గుఱ్ఱమును బాగుపడినదని తలచి ఎక్కుట మిక్కిలి అపాయము. నడుమున వాతలు పెట్టుట, జీడిపిక్కల తొక్కనూనె వంటి కాల్చు పదార్థములు పూయుట నొప్పిని మాన్పవు. చర్మము పుండై, మాసములకొలది జీను వేయ వీలులేకుండును.

అభ్యాస క్రమము

వైద్యుడు అనుమతించిన పిదప ఈ క్రిందివిధమున చేయవలెను. వారముల లెక్క ఇంచుమించుగా చెప్పినది. గుఱ్ఱపు స్థితిని బట్టి ఎక్కువ కావచ్చునుగాని తగ్గింపరాదు.

మొదటి రెండు వారములు: ఉదయము సాయంకాలము 5 మొదలు 10 నిమిషములు చేతితో పట్టి, గట్టి చదును బాటపై తిన్నగా నడిపింపవలెను. మలుపులు విశాలముగా నుండవలెను. త్రాటికి కట్టి చుట్టు త్రిప్పుట ఈ దశలో కూడదు.

మూడవ వారము మొదలు: నడక 15, 20 నిమిషములకు హెచ్చింపవలెను. దీనితోకూడ మెడ సాచు అభ్యాసము మొదలిడవలెను. గుఱ్ఱమును గోడ ప్రక్కన నిలిపి, క్యారెట్టు ముక్కనో పచ్చగడ్డి పిడికెడో చూపి, గడ్డము ఛాతీకి, పిదప మోకాళ్ల నడుమకు, పిదప ముందరి కాళ్ల గిలకల నడుమకు వచ్చునట్లు ఆశ చూపవలెను. అట్లే ప్రక్కకు తంగు కట్టు చోటికిని, పిఱుదు వైపునకును రెండు దిక్కుల త్రిప్పింపవలెను. ప్రతిసారి కొన్ని క్షణములు నిలిపి, ఒక్కొక్కటి ఐదుసార్లు చేయింపవలెను. కాళ్లు కదలింపక మెడ వంచినప్పుడే ప్రయోజనము. బలవంతముగా లాగరాదు. అమెరికాలో ఎనిమిది గుఱ్ఱములచే ఈ అభ్యాసమును వారమునకు ఐదు దినముల చొప్పున మూడు మాసములు చేయింపగా, సవారి లేకయే వెన్నుపూసల ప్రక్కనున్న చిన్న కండరములు బలిసినట్లును, ఇరుప్రక్కల భేదము తగ్గినట్లును 2011లో ప్రకటింపబడినది. ఖర్చు లేని ఈ పద్ధతి ప్రతి రైతును చేయదగినది.

ఐదవ వారము మొదలు ఎనిమిదవ వారము వరకు: నడక 30, 40 నిమిషములు. పలాస, మందస వైపున కొండవాలు బాటలున్నవి. వానిలో స్వల్పమైన ఎత్తును మెల్లగా ఎక్కించుట పిఱుదుల కండకు బలము. దిగునప్పుడు ఇంకను మెల్లగా నడిపింపవలెను. తీరపు గ్రామములవారు సముద్రపు పోటు తీసిన పిదప గట్టిపడిన తడియిసుకపై నడిపింపవచ్చును. పొడియిసుక కూడదు. చేతి మణికట్టంత లావు గల సరుగుడు కఱ్ఱలు నాలుగైదింటిని నేలపై పఱచి, వానిని తగులకుండ అడుగువేయునట్లు నడిపింపవలెను. చిన్న గుఱ్ఱమునకు కఱ్ఱల నడుమ 60, 70 సెంటీమీటరులుండిన చాలును. దాని అడుగునకు సరిపోవునట్లు దూరమును మార్చవలెను. వెనుకకు నాలుగైదు అడుగులు నడిపించుటయు ఈ దశలో మొదలిడవచ్చును.

తోకకు ఇరుప్రక్కల పిఱుదులపై వ్రేళ్లతో మెల్లగా రాచిన గుఱ్ఱము కటిని లోపలికి వంచి వెన్నెత్తును. ఇదియు మంచి అభ్యాసమే. కాని రాచువాడు వెనుక నిలువక ప్రక్కన ఒదిగి నిలువవలెను. గుఱ్ఱము చెవులు వాల్చిన, కాలెత్తిన వెంటనే మానవలెను.

తొమ్మిదవ వారము మొదలు పండ్రెండవ వారము వరకు: పొడవైన పగ్గములు పట్టి వెనుక ప్రక్కగా నడచుచు గుఱ్ఱమును నడిపింపవలెను. నడుమనడుమ ఒక్కొక్క నిమిషము పరుగునడక తిన్నగా చేయించి, దినదినము కొంచెముగా హెచ్చింపవలెను.

మరల మీదికెక్కుట

పండ్రెండు వారములు గడచి, ఒత్తినను నొప్పి చూపక, రెండు వైపుల సమముగా తిరిగి, వెనుక కాళ్లెత్తినను నిలకడగా నిలిచినప్పుడే సవారి మొదలిడవలెను. మొదట వారమంతయు వట్టి జీను వేసి నడిపింపవలెను. పిదప తేలికైనవాడు దినము విడిచి దినము పది నిమిషములు నడక మాత్రము చేయింపవలెను. నేలనుండి రికాబుపై బరువంతయు వేసి ఎగిరి ఎక్కుట నడుమును ఒక ప్రక్కకు లాగును. ఇంటి అరుగుపైనుండియో, తిన్నెపైనుండియో ఎక్కవలెను. దౌడు అన్నిటికంటె చివరిది. నడకలోను పరుగునడకలోను నెలరోజులు బాధ లేకున్న పిదపనే దౌడు మాట తలపెట్టవలెను.

ఏ దశలోనైనను పాత లక్షణములు తిరిగి కనబడిన, ముందుదశకు మరలి వారము దినములు ఆగవలెను. తొందరపడి సాగించిన, గడచిన నెలల శ్రమయంతయు వ్యర్థమగును. నడక కాలము, ఒత్తినప్పటి నొప్పి, తిరుగునప్పటి సులువు అను మూడు సంగతులను ఒక పుస్తకములో ప్రతిదినము వ్రాసియుంచిన, గుణము కలుగుచున్నదో లేదో కంటితో చూచినట్లు తెలియును.

మేత

పని లేని దినములలో దాణా తగ్గించి, గడ్డి ఎక్కువగా నీయవలెను. ఎండుగడ్డి గుఱ్ఱపు బరువులో నూటికి ఒకటిన్నర మొదలు రెండు వంతులు ప్రతిదినము కావలెను. ఉలవలు పని కొలదియే పెట్టవలెను. పని హెచ్చినప్పుడు నెమ్మదిగా హెచ్చించి, విశ్రాంతి దినమున తగ్గింపవలెను. ఉప్పు, శుభ్రమైన నీరు ఎల్లప్పుడు అందుబాటులో నుండవలెను. తీరపు ఉక్కలో చెమట యెక్కువ గనుక అభ్యాసము తెల్లవారుజామునను, సాయంకాలమునను మాత్రమే చేయింపవలెను. స్థూలించిన గుఱ్ఱము తన బరువునే మోయలేక నడుమును చెఱచుకొనునని మరువరాదు.

సారాంశము

జీను చూచి బెదరు గుఱ్ఱమును కొట్టక పరీక్షింపుడు. కాళ్లు, డెక్కలు, జీను, బరువు, నేల అను ఐదింటిని వరుసగా చూడుడు. తూలుట, బిగియుట, జ్వరము ఉన్న వెంటనే వైద్యునికి చూపుడు. మందుతో నొప్పిని దాచి ఎక్కకుడు. మూడు మాసముల ఓపికతో చేతి నడక, మెడ సాచుట, వాలు బాట, కఱ్ఱల నడక అను క్రమమున బలము కలిగింపుడు. మూడు మాసముల మేత ఖర్చు రైతునకు భారమే. కాని నమ్మికగల గుఱ్ఱమును సగము వెలకు అమ్మి, గుణమెట్టిదో తెలియని మఱియొకదానిని పూర్తి వెలకు కొనుటకంటె అది తక్కువ నష్టము. కొన్నదానికిని అదే జీను వేసి, అదే బరువు ఎక్కించిన, అదే నొప్పి మరల వచ్చును.